అదర్శనము నాశనము కాదు: డిస్కులలోని వ్రాతప్రతుల విషయమై ఒక అభిప్రాయము

పాణినీయమున లోపమను సంజ్ఞకు నాశనమని అర్థము చెప్పబడలేదు. ప్రసక్తమైనది కనబడకుండుటయే లోపమని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ప్రథమపాదమునందలి 60వ సూత్రము నిర్ణయించినది. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకమైన కార్యము జరుగునని 62వ సూత్రము చెప్పుచున్నది. ఈ సూత్రములను ఏటేట విద్యార్థులకు బోధించు మనమే, కళాశాలలోని కంప్యూటరును ఆపి మరల ప్రారంభించినపుడు వ్రాతప్రతుల చిత్రములున్న డిస్కు విభాగము తెరపై కానరాకున్నచో, అందలి సర్వస్వము నశించినదని తలచుచున్నాము. ఈ తలంపు వాస్తవమునకు విరుద్ధము. అంతకు మించి అపాయకరము. ఏలయన, నశించినదని నమ్మినవారు ఆ డిస్కును 'ఫార్మాట్' చేసి వేరొక పనికి వాడుకొనజూతురు. అంతవరకు కనబడకుండుట మాత్రమే యైనది ఆ క్షణమున నిజముగా నాశనమగును.

కావున ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచిన విషయమిది. అదృశ్యమైన డిస్కు విభాగమును, శిథిలమైన ఏకైక తాళపత్రప్రతిని పరిష్కర్త చూచునట్లు మనము చూడవలెను. దానిని ఏమి చేయవలెనను నిర్ణయము సాంకేతికునిది మాత్రమే కారాదు. అందలి గ్రంథముల నెరిగిన పరిశోధకుడు ఆ నిర్ణయమునకు బాధ్యత వహింపవలెను.

చర్చకు గల అవసరము

2003లో కేంద్రప్రభుత్వము జాతీయ పాండులిపి మిషన్‌ను నెలకొల్పినది. నాటినుండి వ్రాతప్రతులను డిజిటల్ చిత్రములుగా మార్చు కృషి దేశమున విస్తరించినది. 2025-26 కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడిన 'జ్ఞాన భారతం' కార్యక్రమము కోటికి మించిన వ్రాతప్రతుల పరిశీలనమును, నమోదును, సంరక్షణమును లక్ష్యముగా గైకొన్నది. పెద్ద భాండాగారములకు యంత్రసామగ్రియు నిపుణులును సమకూరవచ్చును. చిన్న కళాశాలలయందును, స్వయముగా పరిశోధన సాగించు అధ్యాపకులయొద్దను పరిస్థితి వేరు. ఒక కెమెరా, ఒక కంప్యూటరు, బీరువాలో ఒకటి రెండు హార్డుడిస్కులు ఉన్నచో అదియే వారి భాండాగారము.

ఆ చిన్న డిస్కులో ఎంత యున్నదో లెక్క వేసి చూడవలెను. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసి, కుదింపక 'టిఫ్' రూపమున దాచిన ఒక చిత్రము సుమారు 72 మెగాబైట్లుండును. పత్రమునకు రెండు పార్శ్వముల చొప్పున నూరు పత్రముల గ్రంథమునకు 200 చిత్రములు, అనగా సుమారు 14.4 గిగాబైట్లు కావలెను. అరచేతిలో ఇమిడెడు 2 టెరాబైట్ల డిస్కులో ఇట్టి గ్రంథములు దాదాపు 138 పట్టును. ఒక పండితుడు జీవితకాలమున సేకరింపగల సంపుటమంతయు ఒక్క డిస్కులో ఉండగలదు.

ఇట్టి సంపుటములలో గృహస్థుల యిండ్లలో చిత్రించి, ఆ ప్రతులను మరల వారికే అప్పగించినవి పెక్కు లుండును. ఆ తరువాత ఆ యిల్లు చేతులు మారవచ్చును, పెట్టెకు చెద పట్టవచ్చును, పంపకములలో కట్ట విడిపోయి ఆకులు చెదరవచ్చును. అట్టిచో డిస్కులోని చిత్రమే ఆ గ్రంథమునకు మిగిలిన ఏకైక సాక్షి. దానిని పోగొట్టుకొనుట ఒక యంత్రము చెడిపోవుటతో సమానము కాదు. ఒక పాఠపరంపర అంతరించుటతో సమానము.

ఏది పోయినది?

డిస్కులో రెండు విధముల సమాచారముండును. మొదటిది మనము దాచిన చిత్రములు, వ్యాసములు మున్నగునవి. రెండవది అవి యెక్కడ మొదలై యెక్కడ ముగియునో తెలుపు వివరణము. భాండాగారమున గ్రంథములు వేరు, గ్రంథసూచి వేరు. సూచి కాలిపోయినచో గ్రంథములు అలమారలలోనే యుండును. ఏది యెక్కడనున్నదో చెప్పువారు మాత్రము ఉండరు. డిస్కు విభాగము అదృశ్యమగుట ప్రాయికముగా ఇట్టిదే.

ఈ వివరణము పరిమాణమున ఎంత స్వల్పమో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. పాతపద్ధతి డిస్కులలో 512 బైట్ల ప్రథమ సెక్టారునందు విభాగపట్టికకు కేటాయింపబడినది 64 బైట్లు మాత్రమే. ఒక్కొక్క విభాగమునకు 16 బైట్ల చొప్పున నాలుగు విభాగముల వివరము అందు పట్టును. రెండు అనుష్టుప్ శ్లోకముల అక్షరసంఖ్య యెంతయో ఆ పట్టిక బైట్లసంఖ్య యంత. ఆ 64 బైట్లు చెడినచో, లక్షల కోట్ల బైట్ల డిస్కు శూన్యముగా కనబడును. లోనున్న చిత్రములలో ఒక్కటియు కదలి యుండదు.

ఈ ప్రమాదము నెరిగిన రూపకర్తలు వివరణమునకు ప్రతులను కూడ ఏర్పరచిరి. నేటి డిస్కులలో వాడుకలోనున్న 'జీపీటీ' పద్ధతిలో విభాగపట్టిక డిస్కు ఆదియందు ఒకటి, అంతమున ఒకటి యుండును. విండోస్‌లో వాడు 'ఎన్‌టీఎఫ్‌ఎస్' ఫైలు వ్యవస్థ తన ప్రారంభ సెక్టారునకు ప్రతిని విభాగపు చివర దాచుకొనును. లినక్స్‌లోని 'ఈఎక్స్‌టీ4' వ్యవస్థ తన ముఖ్యపట్టికయగు సూపర్‌బ్లాకునకు అనేక ప్రతులను వేర్వేరు చోట్ల ఉంచును. అనేక డిస్కులను కూర్చి ఒక్కటిగా చూపు 'ఎల్‌వీఎం' అను ఏర్పాటు తన వివరణమును మనుష్యులు చదువదగిన సామాన్య వాక్యరూపమున డిస్కు ఆదియందు వ్రాయును. మార్పు జరిగినప్పుడెల్ల కంప్యూటరులో వేరొకచోట దాని ప్రతిని దాచును. ఒక సాక్షి మౌనము వహించినపుడు మరియొక సాక్షిని అడుగుట పాఠపరిష్కరణమున మనకు నిత్యానుభవమే గదా!

పునఃప్రారంభము నిమిత్తమాత్రము

"నిన్నటిదాక బాగుగనే యున్నది, ఈనాడు తిరిగి ప్రారంభింపగా పోయినది" అను మాట తరచు వినబడును. దీనినిబట్టి పునఃప్రారంభమే నష్టకారణమని తలచుట సహజము. పెక్కు సందర్భములలో అది కారణము కాదు, దోషమును బయటపెట్టిన నిమిత్తము మాత్రమే.

ఇందలి మర్మమిది. కంప్యూటరు ప్రారంభమగునపుడు డిస్కులోని విభాగపట్టికను ఒకమారు చదివి జ్ఞప్తిలో ఉంచుకొనును. అటుపిమ్మట తన జ్ఞప్తిలోని పట్టికనుబట్టియే పని చేయును. నడుమ ఏ కారణముననో డిస్కుపైనున్న పట్టిక చెరిగిపోయినను, యంత్రము నడచుచున్నంతవరకు ఎవ్వరికిని తెలియకపోవచ్చును. నెలల తరబడి ఆపకుండ నడచు సర్వరులలో ఇట్లు జరుగుట కలదు. విద్యుత్తు పోయియో, నవీకరణమునకై ఆపియో మరల ప్రారంభించిననాడు యంత్రము డిస్కును కొత్తగా చదువును. చదువదగినది అచ్చట లేదు. శ్లోకమును కంఠస్థముగా చెప్పు విద్యార్థి తన పుస్తకములో ఆ పుట చినిగిన సంగతి నెరుగడు. పుస్తకము తెరువవలసి వచ్చిననాడే ఎరుగును.

మరికొన్ని కారణములు ఇంతకంటె సామాన్యమైనవి. రెండు మూడు డిస్కులున్న యంత్రమున వాని పేర్ల వరుస పునఃప్రారంభమున మారుట కలదు. నిన్న రెండవదైన డిస్కు నేడు మూడవది యగును, పాత పేరుతో వెదకు కార్యక్రమమునకు అది దొరకదు. బాహ్య డిస్కును దాని పెట్టెనుండి తీసి వేరొక పెట్టెలో అమర్చినపుడు, ఆ రెండు పెట్టెలు సెక్టారు పరిమాణమును వేర్వేరుగా చూపినచో, క్షేమముగనున్న విభాగము సైతము ఫార్మాట్ కానట్లు కనబడును. మొదటి పెట్టెలోనే మరల అమర్చినచో అది యథాతథముగా ప్రత్యక్షమగును. ఇట్టి చిన్న కారణములను విచారింపకయే చికిత్స కుపక్రమించుట తగదు.

చేయరానివి

విభాగము కానరానపుడు విండోస్ తరచుగా ఒక ప్రశ్న వేయును: ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయుదునా? అని. సంస్థలలో జరుగు నష్టములకు ఈ ప్రశ్న ఒక ముఖ్యద్వారము. యంత్రము తనకు చదువరాని దానిని ఖాళీ యనుకొని యడుగుచున్నది. లిపి తెలియనివాడు తాళపత్రమును చూచి ఇందేమియు లేదని చెప్పినట్లున్నది. "కాదు" అను సమాధానము తప్ప వేరొకటి ఈయరాదు. డిస్కును 'ఇనీషియలైజ్' చేయుమను సూచనకును ఇదియే సమాధానము.

శీఘ్ర ఫార్మాటునకు, పూర్ణ ఫార్మాటునకు భేదము కలదు. మొదటిది ముఖ్యముగా పట్టికలను కొత్తగా వ్రాయును. పాత చిత్రములలో అధికభాగము మిగులవచ్చును. 2007లో విడుదలయిన విస్టా మొదలుకొని విండోస్‌లో పూర్ణ ఫార్మాటు విభాగమంతటను సున్నలను వ్రాయుచున్నది. ఆ పిమ్మట లభించునది లేదు. కదలెడు భాగములు లేని 'ఎస్‌ఎస్‌డీ' డిస్కులలో శీఘ్ర ఫార్మాటు సైతము ప్రమాదకరమే. ఈ స్థలమంతయు ఖాళీ యని యంత్రము డిస్కునకు తెలియజేయును. డిస్కు తనంతట తానే ఆ స్థలమును శుభ్రపరచుకొనును. కావున అట్టి డిస్కు విషయమున విద్యుత్తును వెంటనే తొలగించుట మేలు.

తాళపత్రములకును తోలుపత్రములకును పరిచయమున్నవారు ఇచ్చట ఒక సందేహము కొనవచ్చును. ఆర్కిమిడీస్ గ్రంథములున్న తోలుపత్రములను 1229లో గీకి, వానిపై ప్రార్థనలను వ్రాసిరి. అయినను 1998కి తరువాతి దశాబ్దమున వివిధ కాంతులలో చిత్రించి అడుగు వ్రాతను శాస్త్రజ్ఞులు చదువగలిగిరి. డిస్కునందును అట్లే జరుగదా? జరుగదని చెప్పవలెను. తోలుపై సిరా జాడ మిగులును. నేటి సాంద్రమైన డిస్కులలో ఒక చోట కొత్త సమాచారమును వ్రాసినచో, దాని క్రింది పాత సమాచారమును తిరిగి పొందు ఆచరణయోగ్యమైన ఉపాయము లేదు. అదృశ్యమైనది లభించును, పైన వ్రాయబడినది లభింపదు. ఈ శాస్త్రమునకు మూలసూత్రమిదియే. అందువలన డిస్కును స్వయముగా బాగుచేయుదునని చెప్పు ఏ కార్యక్రమమునైనను మూల డిస్కుపై నడుపరాదు. బాగుచేయుట యనగా వ్రాయుటయే. విండోస్‌లోని 'చెక్‌డిస్క్' సైతము ఈ కోవలోనిదే.

డిస్కునుండి టక్కుటక్కుమను శబ్దము వచ్చుచున్నచో అది యాంత్రికమైన వ్యాధి. అట్టిదానిని మాటిమాటికి ఆపి ప్రారంభించుట, ఒడలు విరిగిన ఆకును మాటిమాటికి వంచి చూచుటవంటిది. దానిని విడిచి, తగిన ప్రయోగశాల గల నిపుణులకు అప్పగింపవలెను.

చేయదగినవి

మొదటి కర్తవ్యము ప్రతి తీయుట. ఇచ్చట ప్రతి యనగా కనబడు ఫైళ్ల నకలు కాదు. అవి కనబడుటయే లేదు గదా. డిస్కు మొదటి సెక్టారు మొదలు చివరి సెక్టారు వరకు, చదువదగినది చదువరానిది అను విచక్షణ లేక, ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసిన ప్రతి. దీనికై 'జీఎన్‌యూ డీడీరెస్క్యూ' వంటి ఉచిత సాధనములు కలవు. ఇది మొదట సులభముగా చదువబడు భాగములను గ్రహించి, కష్టభాగములను తరువాతికి విడిచి, ఏ భాగము వచ్చినదో ఏది రాలేదో వేరొక పటమున నమోదు చేయును. శిథిలపత్రమున చదువనైన అక్షరములను వ్రాసికొని, చదువరాని చోట చుక్కలుంచి, మరల వచ్చి చూచు లేఖకుని పద్ధతియే యిది. గ్రంథపాతములను ఊహతో పూరింపకుండుట అందలి నీతి.

ఆ ప్రతికి మరల ఒక ప్రతి తీసి, మొదటిదానిని భద్రపరచి, రెండవదానిపై పని చేయవలెను. మూల డిస్కునకు చీటి కట్టి, తేదీ వ్రాసి, బీరువాలో పెట్టవలెను. పిదప చెడిన వివరణమునకు ప్రతులెచ్చటనున్నవో వెదకవలెను. డిస్కు చివరనున్న పట్టికయు, ఫైలు వ్యవస్థ దాచిన ప్రతులును దొరకినచో ఫైళ్లు తమ పేర్లతో, తమ సంచికలతో సహా తిరిగి రావచ్చును. క్రిస్టోఫ్ గ్రెనియే రచించిన 'టెస్ట్‌డిస్క్' ఇట్టి పోయిన విభాగముల ఆద్యంతములను వెదకి చూపు ఉచిత కార్యక్రమము.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. లినక్స్‌లో సూపర్‌బ్లాకు ప్రతులు ఏయే చోట్ల నుండునో తెలిసికొనుటకు, కొత్త ఫైలు వ్యవస్థను నిర్మించు ఆజ్ఞనే వాడుదురు. దానికి 'ఎన్' అను ఒక్క అక్షరమును చేర్చినచో అది స్థానములను చెప్పి ఊరకుండును. ఆ అక్షరము లేకున్నచో కొత్త వ్యవస్థను నిజముగనే నిర్మించి పాతదానిని పాడుచేయును. ఒక్క నఞ్ లోపించి విధినిషేధములు తారుమారగు వాక్యములు మనకు తెలియనివి కావు. ఇట్టి పని మూలప్రతిపై ఏల చేయరాదో దీనివలననే తెలియుచున్నది.

వివరణమునకు ఏ ప్రతియు దొరకనపుడు కడపటి యుపాయము ఫైళ్లను వాని లక్షణములనుబట్టి వెదకుట. ప్రతి ఫైలు జాతికిని ఆదియందొక గుర్తుండును. టిఫ్ చిత్రము రెండు నియతాక్షరములతోను, తరువాత 42 అను సంఖ్యతోను మొదలగును. గ్రంథాది యందలి 'అవిఘ్నమస్తు' చూచి కట్టలోని కొత్త గ్రంథము మొదలైనదని గుర్తించునట్లు, 'ఫోటోరెక్' వంటి సాధనములు ఈ గుర్తులను చూచి ఫైళ్లను విడదీయును. అయితే ఈ విధముగా వచ్చిన ఫైళ్లకు పాత పేర్లుండవు, వరుస యుండదు. 27 వేల చిత్రములు పేరు లేక గుట్టగా వచ్చి పడును.

లభించినదానిని నమ్ముటెట్లు?

సాంకేతికుని పని ఇచ్చటితో ముగియును. పరిశోధకుని పని ఇచ్చట మొదలగును. పునరుద్ధరణమున లభించిన చిత్రము తెరపై తెరచుకొన్నంతనే అది యథార్థమని నమ్మరాదు. డిస్కుపై ఒక ఫైలు ముక్కలుగా వేర్వేరు చోట్ల నుండుట కలదు. లక్షణములనుబట్టి వెదకు సాధనము ఒక చిత్రపు ముందుభాగమునకు వేరొక చిత్రపు భాగమును అతికి చూపవచ్చును. అనగా ఒక పత్రపు పై పంక్తులకు క్రింద వేరొక పత్రపు పంక్తులు చేరిన చిత్రము పుట్టును. ఒకే చేతివ్రాత, ఒకే రంగు, ఒకే పరిమాణము గల పత్రములైనచో ఆ అతుకు సాంకేతికునికి కానరాకపోవచ్చును. ఛందస్సు, అన్వయము, కథాసంగతి తెలిసినవానికే అది తెలియును. గమనింపక దానిని పరిష్కరణమున వాడినచో, ఏ లేఖకుడును వ్రాయని పాఠాంతరము ఒకటి మన ముద్రణములలోనికి వచ్చును. భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారు 1919లో మొదలిడి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతికి మూలమైన విచక్షణ సాక్షుల యోగ్యతానిర్ణయమే. డిస్కునుండి ఉద్ధరింపబడిన చిత్రము సైతము ఒక సాక్షి. దాని వంశమును తెలుపకుండ దానిని ఉదాహరింపరాదు.

ఈ కష్టమును చాలవరకు ముందే తొలగింపవచ్చును. చిత్రము తీయునపుడే ప్రతి పత్రము పక్కన గ్రంథసంఖ్య, పత్రసంఖ్య, పార్శ్వము వ్రాసిన చిన్న చీటి నుంచవలెను. ఆ చీటి చిత్రములో భాగమగును. అపుడు ఫైలు పేరు పోయినను చిత్రమే తన పేరు చెప్పుకొనును. పూర్వలేఖకులు పత్రపు అంచున సంఖ్యను వేసినది ఇందుకే. త్రాడు తెగి ఆకులు చెదరినను మరల కూర్చుటకు అదియే ఆధారము. మనము ఆ సంఖ్యను చిత్రమునుండి తీసి ఫైలు పేరులో మాత్రమే పెట్టి, పూర్వులకంటె బలహీనమైన పద్ధతిని అవలంబించుచున్నాము.

మరియొక రక్ష సంఖ్యాముద్ర. 'షా-256' అను గణనవిధి ఏ ఫైలునకైనను 64 అక్షరముల ముద్రను ఇచ్చును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ముద్ర మారును. 32 అక్షరములను ఒక గ్రంథముగా లెక్కించి ప్రతి చివర గ్రంథసంఖ్యను వేయుట మన లేఖకులకు అలవాటు. ఆ సంఖ్య పరిమాణమును మాత్రమే సరిచూడగలదు. ఈ ముద్ర ప్రత్యక్షరమును సరిచూచును. వీని పట్టికను ముందే తీసి వేరొకచోట దాచియున్నచో, ఉద్ధరింపబడిన వేలకొలది చిత్రములలో ఏవి యథాతథములో, ఏవి అతుకులో కొలది గంటలలో తేలును. ముద్రతోబాటు ఫైలు పేరును పట్టికలో ఉన్నచో పోయిన పేరు సైతము తిరిగి లభించును.

కొన్ని ఆక్షేపములు

ఇది సాంకేతికుల వ్యవహారము, పండితులకు దీనితో పనియేమి? యని కొందరందురు. డిస్కును విప్పుట, ప్రతి తీయుట సాంకేతికుని పనియే. అందు మనము చేయి పెట్టరాదు. కాని అందు ఏమున్నది, దాని విలువ యెంత, వేరొక ప్రతి కలదా, ఎంత కాలము వేచియుండవచ్చును అను ప్రశ్నలకు సాంకేతికుడు సమాధానము చెప్పజాలడు. ఆ సమాధానములు లేనపుడు అతడు తనకు తెలిసిన శీఘ్రమార్గమున యంత్రమును తిరిగి నడిపించును. అది అతని దోషము కాదు. అతనికి మనము చెప్పినది "కంప్యూటరు బాగుచేయుము" అని మాత్రమే.

మూలములగు ఆకులు ఉన్నవి గదా, మరల చిత్రింపవచ్చును గదా? యని మరికొందరందురు. భాండాగారమున సురక్షితముగనున్న ప్రతుల విషయమున ఇది కొంతవరకు సత్యము. గృహస్థుల యిండ్లలోని ప్రతుల విషయమున సత్యము కాదు. భాండాగారములయందు సైతము జీర్ణపత్రమును రెండవమారు విప్పి, తుడిచి, చదునుచేసి చిత్రించుట దానికి హాని కలిగించుటయే.

రెండు డిస్కులలో ఒకేమారు వ్రాయు ఏర్పాటున్నదని, లేక సంస్థ సర్వరులో నున్నదని ధైర్యము చెప్పువారు కలరు. జంటడిస్కుల ఏర్పాటు ఒక డిస్కు చెడినపుడు రక్షించును. పొరపాటున చెరిపినచో రెండింటను ఒకేమారు చెరుపును. 2021 డిసెంబరులో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున సూపర్‌కంప్యూటరు నిల్వనుండి సుమారు 77 టెరాబైట్ల పరిశోధన సమాచారము, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయినవి. కారణము బ్యాకప్ కొరకు ఏర్పరచిన కార్యక్రమములోని దోషమే. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ కంప్యూటరు కేంద్రము అగ్నిప్రమాదమునకు గురికాగా, వేరొకచోట ప్రతి లేనందున ప్రభుత్వోద్యోగుల 858 టెరాబైట్ల సమాచారము దగ్ధమైనది. సాధనసంపత్తికి లోటులేని దేశములలోనే ఇట్లు జరిగినది. కావలసినది యంత్రబలము కాదు. వేర్వేరు చోట్ల వేర్వేరు చేతులలో నుండు ప్రతులు. ఒక్కొక్క కావ్యమునకు అనేక వ్రాతప్రతులను సేకరించి పండితులచే శుద్ధప్రతులు వ్రాయించిన సి.పి. బ్రౌన్ కృషికి మనము ఋణపడియున్నది ఈ కారణముననే గదా.

ప్రతిపాదనలు

పై చర్చనుబట్టి ప్రాచ్య కళాశాలలకును, పరిశోధకులకును కొన్ని సూచనలు చేయుచున్నాను. ఇవి అధికవ్యయముతో కూడినవి కావు.

మొదటిది. ప్రతి సంపుటమునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. వానిలో ఒకటి వేరొక ఊరిలో నుండవలెను. ఛాయాగ్రాహకుడగు పీటర్ క్రోగ్ ప్రచారమునకు తెచ్చిన 3-2-1 నియమమిదియే. ఇరుగుపొరుగు జిల్లాల రెండు కళాశాలలు పరస్పరము డిస్కులను మార్చుకొన్నచో మూడవ నిబంధన ఖర్చు లేకయే నెరవేరును. దూరపు డిస్కును ఎల్లవేళల యంత్రమునకు తగిలించి యుంచరాదు.

రెండవది. డిస్కు విభాగముల ఆద్యంతములు, ఫైలు వ్యవస్థ పేరు, డిస్కు గుర్తుసంఖ్య, ఫైళ్ల ముద్రల పట్టిక అను వీనిని డిస్కులో మాత్రమే దాచక, విభాగముల వివరములను కాగితముపై అచ్చొత్తి గ్రంథసూచితోబాటు భద్రపరచవలెను. సర్వరును ఆపుటకు ముందు ఈ వివరములను మరల ఒకమారు తీసికొనుట నియమముగా నుండవలెను. నడచుచున్న యంత్రము చెప్పగలిగినది, ఆగి లేచిన యంత్రము చెప్పలేకపోవచ్చును.

మూడవది. వ్రాతప్రతుల చిత్రములున్న ఏ డిస్కునైనను ఫార్మాట్ చేయుటకు గ్రంథపాలకుని, సంబంధిత పరిశోధకుని సంతకములు లేక అనుమతి యీయరాదు. ఈ వాక్యమును డిస్కుపైననే చీటిగా అంటింపవలెను. అర్ధరాత్రి మరమ్మతు చేయువాడు చదువునది ఆ చీటినే, కళాశాల తీర్మానమును కాదు.

నాలుగవది. ఉద్ధరింపబడిన చిత్రములను ఆధారముగా గొన్న పరిష్కరణములలో పీఠికయందు ఆ సంగతిని స్పష్టముగా చెప్పవలెను. ఏ పత్రములు యథాతథముగా లభించినవి, ఏవి ఖండితములు, ఏవి సందేహాస్పదములు అను వివరము సాక్షివర్ణనమున భాగము కావలెను.

ఐదవది. ప్రాచ్య విద్యలో పాఠపరిష్కరణమును బోధించునపుడు, తాళపత్ర, కాగితప్రతుల లక్షణములతోబాటు డిజిటల్ ప్రతుల లక్షణములను కూడ ఒకటి రెండు పాఠములుగా చేర్చవలెను. నేటి విద్యార్థి తన జీవితమున గంటపు వ్రాతను చూచునది అధికముగా తెరమీదనే. ఆ తెర వెనుకనున్న వస్తువు ఎట్లు జీర్ణమగునో, ఎట్లు దాగునో, ఎట్లు దొరకునో తెలియనివాడు తన మూలమును తెలిసినవాడు కానేరడు.

ఇందలి ప్రతిపాదనలలో లోపములున్నచో విజ్ఞులు సవరింతురుగాక. ఏ కళాశాలలోనైనను పోయినదని తలచి మూల పడవేసిన డిస్కు ఇంకను ఉన్నచో, దానిపై ఏమియు వ్రాయక, ఎవ్వరిచేతను వ్రాయింపక, ముందుగా దానికొక ప్రతి తీయించి చూడవలసినదిగా నా విన్నపము.